మా ఇంట్లో పాలు ఎందుకు మానేశామంటే

ఈ రోజు పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల ఒక మిత్రుడు కంది విత్తనం కోసం మా ఇంటికొచ్చాడు. టీ తాగుతావా అంటే తాగుతానన్నాడు. మా ఆవిడ అల్లం, బెల్లం వేసి నల్ల టీ ఇచ్చింది. గ్లాసులోకి చూసి, "ఏందన్నా, ఇరవై ఏళ్లు పాలు పోసిన ఇంట్లో టీలోకి పాలు లేవా?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నా. అతను వెళ్లిపోయాక అనిపించింది, ఇది ఎప్పటికైనా రాయాల్సిందే అని. చాలామంది అడిగారు. ప్రతివాళ్లకీ ఒక్కో ముక్క చెప్పి తప్పించుకున్నా. ఈసారి మొత్తం చెప్తా.

ముందే ఒక మాట. ఇది ఆవు రాజకీయం కాదు, మతం గొడవ కాదు. శాకాహారులు గొప్ప, మాంసం తినేవాళ్లు తక్కువ అనే మాట అసలే కాదు. మాది మొన్నటిదాకా ఆదివారం కోడి కూర లేకపోతే ముద్ద దిగని ఇల్లే. నేను చెప్పేది నా కొట్టంలో జరిగింది, నా చేత్తో నేను చేసింది.

మాది ప్రకాశం జిల్లా. నాలుగున్నర ఎకరాలు. కంది, శనగ, కొంచెం మిరప. ఒక బోరు, అది కూడా ఎండాకాలం దగ్గుతూ పోస్తుంది. మా నాన్న కాలంలో ఒంగోలు గిత్తల జత ఉండేది. నేను ఇంటర్ అయిపోయి వ్యవసాయంలోకి దిగిన కొన్నేళ్లకే మా ఊళ్లోకి ట్రాక్టర్లు బాగా వచ్చాయి. గిత్తలు పోయినయి. 1998లో అప్పు చేసి ఒక ముర్రా గేదెను తెచ్చా. (మా ఇంట్లో బర్రె అంటాం, రాసేటప్పుడు గేదె అని వస్తుంది. రెండూ ఒకటే.) అప్పటినుంచి 2019 దాకా మా కొట్టంలో రెండో మూడో గేదెలు ఎప్పుడూ ఉండేవి.

పాలను నేను తక్కువ చేసి మాట్లాడను. మా ఊరికి పాల కేంద్రం వచ్చాకే ఆడవాళ్ల చేతికి వాళ్లదంటూ డబ్బు వచ్చింది. పంట డబ్బు ఏడాదికి ఒకసారి, అదీ వానదేవుడి దయ. పాల బిల్లు పదిహేను రోజులకోసారి. మా అబ్బాయి ఫీజులు, మా అమ్మ కంటి ఆపరేషను, అన్నీ ఆ బిల్లు మీదే నడిచాయి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. 1998కి మన దేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది నేను మొదటి గేదెను కొన్నా. ఆ లెక్కలో నా బిందె కూడా ఒకటి అని గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

మరి ఎక్కడ తేడా కొట్టింది?

నాకు లెక్క రాసే అలవాటు ఉంది. ఒక పొడుగు పుస్తకంలో ఏ గేదె ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు సూది వేయించాం, ఎప్పుడు ఈనింది, ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఎప్పుడు వట్టిపోయింది, అన్నీ రాసేవాణ్ణి. 2019లో ఇంకో రెండు గేదెలు కొందామని లోను కోసం బ్యాంకుకి వెళ్లా. మీ పశువుల వివరాలు రాసుకు రండి అన్నారు. ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని నేనూ మా ఆవిడా కూర్చున్నాం. నేను చదువుతుంటే ఆమె తెల్లకాగితం మీద గీతలు పెడుతోంది.

మొత్తం 37 ఈతలు. పెయ్య దూడలు 19, దున్న దూడలు 18. సగం సగం. ప్రకృతి ఎక్కడా మోసం చెయ్యలేదు.

తర్వాత అవి ఏమయ్యాయో చూశాం. 19 పెయ్యల్లో నాలుగు పోయాయి, పదిహేను పెరిగాయి. 18 దున్న దూడల్లో పదకొండు మూడు నెలలు నిండకుండానే చచ్చిపోయాయి. ఆరింటిని బేరగాడికి అమ్మేశా. ఒక్కటంటే ఒక్కటి పెద్దదైంది, పక్క ఊరివాళ్లు విత్తనపు దున్నపోతు కావాలని తీసుకెళ్లారు.

ఒకే కొట్టం, ఒకే తల్లులు, ఒకే నీళ్లు, ఒకే డాక్టరు. పెయ్యలకు రాని రోగం దున్న దూడలకు ఎక్కడినుంచి వచ్చింది?

మా ఆవిడ గీతలు పెట్టడం ఆపి అంది. "ఏమయ్యా, పెయ్యలన్నిటికీ పేర్లు రాశావు. చుక్క, గౌరి, లచ్చిమి, సింగారి అని. మగవాటికి ఒక్కదానికీ పేరు లేదే. ఉత్త 'ద' అని రాసి పక్కన 'పోయింది' అని రాశావు."

నిజమే. పద్దెనిమిది చోట్ల ఉత్త 'ద'.

పల్లెలో పశువులున్నవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ పేజీ చదివేవాళ్లలో పట్నంలో ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకోసం వివరంగా చెప్తా.

గేదె ఊరికే పాలివ్వదు. చూడి కట్టాలి, పది నెలలు మొయ్యాలి, ఈనాలి. అప్పుడే పాలు. మళ్లీ పాలు కావాలంటే మళ్లీ చూడి కట్టాలి. అంటే పాల వ్యాపారం అంటేనే ఏడాదికో ఏడాదిన్నరకో ఒక దూడ పుట్టడం. ఆ దూడల్లో సగం మగవి. ఒకప్పుడు మగదానికి పనుండేది. మాగాణి దున్నడానికి, దమ్ము చెయ్యడానికి, బండికి కట్టడానికి దున్నపోతులు కావాలి. ఇప్పుడు ట్రాక్టరుంది. సూదులొచ్చాక ఊరికి ఒక విత్తనపు దున్నపోతు కూడా అక్కర్లేకుండా పోయింది. పనిలేని నోరు అది.

ఇప్పుడు లెక్క చూడండి. దూడకి దాని బరువులో పదో వంతు పాలు రోజూ పట్టాలని పశువుల డాక్టర్లు చెప్తారు. ముప్ఫై కిలోల దూడకి మూడు లీటర్లు. లీటరు అరవై రూపాయలనుకుంటే రోజుకు 180. మూడు నెలలకు 16,200 రూపాయలు. ఏడాది మేపి ఆ దున్న దూడను అమ్మితే నాకు ఎప్పుడూ మూడు వేలు దాటి రాలేదు. రైతు ఏం చేస్తాడు? కర్రతో కొట్టి చంపడు. అంత పాపం ఎవరూ చెయ్యరు. దూడను చేపు కోసం ఒక్క నిమిషం వదులుతాడు. తల్లి వాసన చూసి, నాకి, పాలు దించుకోగానే దూడను లాగి గుంజకు కట్టేస్తాడు. పితకడం అయ్యాక ఖాళీ పొదుగు దగ్గర మళ్లీ వదులుతాడు. పెయ్య అయితే ఒక రొమ్ము దానికని వదిలేస్తాం, రేపు పాలిచ్చేది అదే కదా. దున్న దూడ అయితే చివరి చుక్క దాకా పిండుకుంటాం. ఏలిక పాముల మందు పెయ్యకి పదిహేను రోజులకే పట్టిస్తాం, దున్న దూడకి "రేపు చూద్దాంలే" అంటాం. నెల తిరిగేసరికి దానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తర్వాత పారుడు పట్టుకుంటుంది. ఒక రోజు పొద్దున లేచేసరికి కాళ్లు చాపుకుని ఉంటుంది. "పారుడొచ్చి పోయింది" అంటాం. పుస్తకంలో 'పోయింది' అని రాస్తాం.

పారుడు కాదు. నేనే. పదకొండుసార్లు.

ఇది నా ఒక్కడి కొట్టంలోనే అనుకోకండి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో గేదె జాతి మొత్తం దాదాపు 11 కోట్లు. అందులో ఆడవే దాదాపు 10 కోట్లు. పుట్టేటప్పుడు సగం సగం పుట్టినవి, లెక్క పెట్టేసరికి పదింటికి ఒక్క మగది కూడా సరిగ్గా లేదు. మిగతావి ఏమయ్యాయి? కొన్ని నా 'ద'ల్లాగా పోయాయి, మిగతావి కబేళాకి పోయాయి. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. ఆ మాంసం ఎక్కడో అడవిలో పుట్టిన జంతువులది కాదు. పాలివ్వలేని మగవి, పాలివ్వడం ఆగిపోయిన ఆడవి. అంటే పొద్దున మన కాఫీ గ్లాసులోకి వచ్చేదీ, ఓడెక్కి పోయేదీ ఒకే కొట్టంలోనివి. మాంసం ముట్టని ఇంట్లో కూడా పాలు తాగుతున్నామంటే ఆ లెక్కలో మనమూ ఉన్నట్టే. ఈ ముక్క నాకు ఇరవై ఏళ్లు కొట్టంలో నిలబడ్డా తట్టలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. దూడ పోయాక గేదె చేపదు. మా చుక్కకి 2019 జనవరిలో పుట్టిన దున్న దూడ నలభై రోజులకి పోయింది. చుక్క మూడు రోజులు అరిచింది. మనిషి దగ్గరికొస్తే వాసన చూసి తల తిప్పేసుకునేది. పొదుగు రాయిలాగా బిగిసింది. అలాంటప్పుడు వెనకటి రోజుల్లో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవాళ్లు, నా చిన్నప్పుడు చూశా. ఇప్పుడు ఇంజక్షన్ ఉంది. ఆక్సిటోసిన్. పశువుకి హాని చేసేట్టు పాల కోసం ఇలా సూదులు పొడవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయినా నేను పొడిచా. రెండు పూటలా, రెండు నెలలు. పొడిచిన కాసేపటికి పాలు దిగేవి. పాలు దిగాయి కాబట్టి బాధ పోయిందనుకున్నా. మనకి అలాగే అనుకోవడం హాయి.

ఆ రాత్రి మేం బ్యాంకు కాగితం నింపలేదు. మర్నాడు కూడా వెళ్లలేదు.

ఇలా రాస్తుంటే ఏదో జ్ఞానోదయం అయిపోయి మర్నాటినుంచి మారిపోయినట్టుంది. అలా ఏం జరగలేదు. మా ఆవిడే ముందు అడ్డం తిరిగింది. "పేర్లు లేవన్నానుగాని బర్రెల్ని తీసెయ్యమన్నానా? బిల్లు రాకపోతే పదిహేను రోజులకోసారి ఎవరి దగ్గర చెయ్యి చాపుదాం?" అంది. ఆమె అడిగిన దాంట్లో తప్పులేదు. ఆర్నెల్లు మా ఇంట్లో ఇదే గొడవ. ఈ మధ్యలోనే సింగారిని అమ్మేశా. వట్టిపోయింది, మేత దండగ, అప్పు తీర్చాలి. సంతలో అమ్మా. అది ఏ ఇంటి కొట్టానికి పోలేదు. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. తెలియదని మీకు చెప్పను.

సింగారి పోయాకే గట్టిగా అనుకున్నాం. ఇక సూది వేయించేది లేదు. ఉన్నవాటిని అమ్మేదీ లేదు. చుక్క, దాని బిడ్డ గౌరి మిగిలాయి. పాలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. చుక్క 2023లో ముసలిదై మా కొట్టంలోనే పోయింది. గౌరి ఇంకా ఉంది. పాలివ్వదు, పేడ ఇస్తుంది. పొద్దున నేను కొట్టంలోకి వెళ్తే అరుస్తుంది, కుడితి కోసం.

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్నలకి వస్తా. నన్ను చాలామంది అడిగినవే ఇవి.

ఒకటి. "పాలు తాగకపోతే ఎముకలు ఏమైపోతాయి?" నేనూ భయపడ్డా. కానీ మన తాతలు రోజూ పాలు తాగారా? మా తాత వాళ్ల ఇంట్లో పొద్దున తరవాణి. రాత్రి గంజి, అన్నం కుండలో వేసి పులవబెట్టి, పొద్దున ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిరపకాయతో తాగి పొలం పోయేవాళ్లు. పాడి ఉన్న ఇల్లు ఊరికి నాలుగైదు. మిగతావాళ్లకి పాలంటే బాలింతకీ పసిబిడ్డకీ మాత్రమే. బలం దేంట్లోంచి వచ్చింది? రాగులు, సజ్జలు, జొన్నలు, నువ్వులు, కంది, ఉలవలు, మునగాకు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అంతే బరువు పాలకంటే ఎక్కువ. నువ్వుల్లో వెయ్యి దాటి ఉంటుంది. కాకపోతే నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, అందుకని ఒక్కదాని మీదే ఆధారపడకుండా అన్నీ తినాలి. ఇవన్నీ మన పొలాల్లో పండేవే. వీటి వాడకం తగ్గించేసి పాల ప్యాకెట్టు మీద పడ్డాం మనం.

కానీ ఒక్క విషయంలో నన్ను నేను మోసం చేసుకున్నా, మీరు చేసుకోకండి. బి12 అనే విటమిను మొక్కల్లోంచి మనకి చాలినంత రాదు. అది సూక్ష్మజీవులు తయారుచేసేది. పాలు, గుడ్లు, మాంసం మానేస్తే దాన్ని బయటినుంచి తీసుకోవాల్సిందే. "మన పూర్వులు మాత్రలు మింగారా" అని నేను మొండికేశా. మానేసిన రెండేళ్లకి అరికాళ్లలో తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు రక్తపరీక్ష చేయించి బి12 పడిపోయిందన్నారు. కొన్ని సూదులు, తర్వాత మాత్రలు. ఇప్పుడు బాగున్నా, మాత్ర మాత్రం మానను. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. గొప్ప కోసం ఒళ్లు పాడుచేసుకోకూడదు.

రెండు. "పెరుగన్నం లేకుండా భోజనం ఎలా ముగిస్తారు?" నిజం చెప్తున్నా, కోడి కూర మానడం దీనిముందు లెక్కలోకి రాదు. చివర మజ్జిగ ముద్ద లేకపోతే తిన్నట్టే ఉండదు మన తెలుగువాళ్లకి. నెల రోజులు నేను కంచం ముందు అలాగే కూర్చునేవాణ్ణి. తర్వాత మా అబ్బాయి ఫోన్లో చూసి వేరుశనగ పెరుగు చెప్పాడు. రెండు గుప్పెళ్ల పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, ఆ పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక ఎనిమిదో పదో మిరపకాయ తొడిమలు వేసి రాత్రంతా కదపకుండా మూతపెట్టాలి. మిరప తొడిమకి తోడు వేసే గుణం ఉంది. మిరప పండించేవాణ్ణి, ఇన్నేళ్లు ఆ తొడిమలు తీసి దిబ్బలో పారేశా. మొదటిసారి నీళ్లనీళ్లగా తోడుకుంది, పల్లీ వాసన కొట్టింది. మా ఆవిడ గౌరికి పోసింది. ఆ తోడుతో రెండోసారి వేస్తే గట్టిగా వచ్చింది. ఇప్పుడు తాలింపు, కొత్తిమీర, అల్లం వేసి మజ్జిగ చేసుకుంటాం. గేదె పెరుగులాగే ఉంటుందని అబద్ధం చెప్పను. అలవాటైంది, ఇప్పుడు ఇష్టంగానే తింటున్నాం. టీ మాత్రం పల్లీ పాలతో విరిగిపోతోంది, అందుకే నల్ల టీ.

ఇంట్లో అందరూ మారలేదు. మా అమ్మకి ఎనభై దాటాయి. "మజ్జిగ లేకుండా నన్ను పైకి పంపుతావా అబ్బాయా" అంది. పక్కింట్లోంచి ఆమెకి మజ్జిగ నేనే తెచ్చిస్తా. ఆ వయసులో ఆమె నోటి దగ్గర ముద్ద లాక్కునే పెద్దరికం నాకు లేదు.

మూడు. "పశువు లేకపోతే ఎరువు ఎలా? నువ్వు సేంద్రియం అంటావుగా?" ఇది రైతులు అడిగే ప్రశ్న, అసలైన ప్రశ్న. గౌరి పేడ నాలుగున్నర ఎకరాలకి చాలదు. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకొచ్చేటప్పుడు కలియదున్నుతున్నా. కంది ఆకు రాలి భూమికి బలమిస్తుంది, కంది, శనగ వేర్లు నత్రజని పట్టిస్తాయి. కంది కట్టె, చెత్త కాల్చకుండా కుళ్లబెడుతున్నా. దీంతో మొత్తం సరిపోతోందా అంటే, మిరపకి ఇంకా బయటినుంచి కొంటున్నా. కాబట్టి పేడ అవసరమే లేదని నేననను. పేడ కోసం పశువును ఉంచుకోవడం వేరు, పాల కోసం ఏడాదికో దూడను పుట్టించి సగాన్ని చావనివ్వడం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడేది మన సౌకర్యం కోసమే.

నాలుగు. నేల, నీళ్లు. గేదె రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిగడ్డి, ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి, పాలిచ్చేటప్పుడు నాలుగు కిలోల పైన దాణా తింటుంది. యాభై అరవై లీటర్ల నీళ్లు తాగుతుంది, కడగడానికి వేరే. నా బోరు కింద అర ఎకరం పశుగ్రాసానికే పోయేది. ఎండాకాలం మనుషులకి నీళ్ల ట్యాంకరు వచ్చే ఊళ్లో నేను గడ్డికి నీళ్లు పెట్టేవాణ్ణి. ఆ అర ఎకరంలో ఇప్పుడు గోరుచిక్కుడు, బెండ, కాకర, గట్టు మీద మునగ. అదే నీళ్లతో వారం వారం సంతకి కూరలు పోతున్నాయి. నెమరేసే పశువుల కడుపులోంచి మీథేన్ అనే వాయువు వస్తుందనీ, భూమి వేడెక్కడానికి అదొక కారణమనీ చదివా. మన ఒక్క గేదెతో లోకం మారదుగానీ, నా అర ఎకరం మారింది, అది నేను కళ్లతో చూశా.

అయిదు. డబ్బు. ఇక్కడ నిజమే చెప్పాలి. పాల మీద దాణా ఖర్చులు పోను నెలకు ఏడెనిమిది వేలు మిగిలేవి. కూరగాయల మీద ఐదు వేలు రాని నెలలు ఉన్నాయి. వాన ఎక్కువైతే అదీ లేదు. మొదటి రెండేళ్లు బాగా ఇబ్బంది పడ్డాం. మా ఆవిడ చెవికమ్మలు ఒకసారి తాకట్టు పెట్టాం, విడిపించాం. తెల్లారుజాము మూడున్నరకి లేచే పని, చుట్టం చనిపోయినా పాలవేళకి పరిగెత్తుకు రావడం, అవి పోయాయి. పెళ్లైన ముప్ఫై ఏళ్లలో మొదటిసారి మేమిద్దరం ఇల్లు వదిలి మూడు రోజులు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చాం. దానికి ఎంత రేటు కట్టాలో నాకు తెలీదు.

ఇక గుడ్లు, కోడి సంగతి. పాల దగ్గర మొదలైన లెక్క అక్కడ ఆగలేదు. గుడ్ల కోళ్ల జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ పెరగదు. అందుకని హేచరీల్లో పుట్టిన రోజే వాటిని చంపేస్తారు. మళ్లీ అదే, పనిలేని మగది. మనం తినే బ్రాయిలర్ కోడి వయసు నలభై రోజులు అటూ ఇటూ. మా చుక్క దూడ బతికింది కూడా నలభై రోజులే. ఆ అంకె తలకెక్కాక ముద్ద దిగలేదు. అంతే, పెద్ద సిద్ధాంతం ఏం లేదు. ఇలా జంతువుల నుంచి వచ్చేవేవీ వాడకుండా బతకడాన్ని వీగన్ అంటారట. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట. మా అబ్బాయి చెప్పాడు. నాకు ఆ పేరు పెట్టుకోవాలని లేదు. నా పాత చెప్పులు తోలువే, అరిగేదాకా వేసుకుంటా.

చివరగా నన్ను బాగా గుచ్చిన ప్రశ్న. మా మేనబావ అడిగాడు. "నువ్వంటే నాలుగున్నర ఎకరాలున్నోడివి. మన ఊళ్లో మొగుడు పోయి ఒక్క బర్రె మీద పిల్లల్ని చదివిస్తున్న ఆడవాళ్లున్నారు. నీ పోస్టు చూసి జనం పాలు మానేస్తే వాళ్ల పొట్ట కొట్టినవాడివి కాదా?"

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను, అనే అర్హత లేదు. ఆమెకి వేరే దారి చూపించకుండా బర్రెను తీసెయ్యమనడం అన్యాయం. కానీ ఇంకో సంగతి కూడా చూడండి. పెయ్య దూడలే పుట్టేట్టు చేసే సూదులు ఇప్పుడు వచ్చాయి. మగవి పుట్టి చచ్చే బాధ తగ్గుతుంది, మంచిదే. పాడి మానలేనివాళ్లు అదైనా వేయించండి. పుట్టిన దున్న దూడకి మొదటి గంటలో జున్నుపాలు తాగనివ్వండి, పదిహేను రోజులకి ఏలిక పాముల మందు పట్టించండి, ఒక రొమ్ము వదిలెయ్యండి. ఇది నేను చెయ్యనిది, మీరు చెయ్యగలిగింది. ఇక రోజుకు మూడు టీలు, నెయ్యి, పన్నీరు, స్వీట్లు కొనుక్కోగలిగిన స్తోమత ఉన్నవాళ్లకి నేను చెప్పేది వేరు. మీకు దారులున్నాయి. అదే డబ్బుతో రైతు దగ్గర రాగులు, పల్లీలు, నువ్వులు, కందిపప్పు కొనండి. రైతు పొట్ట నిండడానికి పాలొక్కటే దారి కాదు.

ఒక్కరోజులో అన్నీ మానేయమని నేననను. నాకే ఏడాది పట్టింది. వారానికి ఒక రోజు మొదలుపెట్టండి. లేదా అదీ వద్దు. ఈసారి పాలు పోయించుకునేటప్పుడు పాలు పోసే ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, పోయిన ఈతలో పుట్టిన దున్న దూడ ఎట్లా ఉంది?" అని. ఆయన మీద కోపంతో కాదు, ఊరికే అడగండి. ఆయన చెప్పే జవాబు విని, తర్వాత మీ ఇష్టం.

ఆ లెక్కల పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు దాంట్లో కూరగాయల లెక్క రాస్తున్నా. పాత పేజీలు చింపలేదు.

పొద్దుపోయింది, గౌరికి మేత వెయ్యాలి. తప్పుగా ఏమైనా రాసుంటే పెద్ద మనసుతో చెప్పండి, దిద్దుకుంటా. ఉంటాను.